చేపల్లో రసాయనాలు: కడిగితే పోయేవేవి, పోనివేవి? కొనేటప్పటి నుంచి వండేదాకా ఏం చూసుకోవాలి?

చేపలు తెచ్చిన రోజు మన ఇళ్లలో జరిగే తంతు ఒకటే. రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్దుతాం. నిమ్మకాయ పిండుతాం, లేదా చింతపండు రసం పోస్తాం. నీచు పోయేదాకా నాలుగైదు నీళ్లు మారుస్తాం. నీచు వాసన పోతుంది కూడా. ఆ వాసనకు కారణమైన పదార్థం క్షార గుణం ఉన్నది కాబట్టి పులుపు తగలగానే అణిగిపోతుంది. చిక్కల్లా, ఆ పులుపు పాదరసాన్ని ఏమీ చెయ్యలేదు, చెరువులో వాడిన యాంటీబయాటిక్‌నీ ఏమీ చెయ్యలేదు. పైగా చేప పాడైందని చెప్పే ముఖ్యమైన ఆనవాలును కూడా చెరిపేస్తుంది. అందుకని మొదటి నియమం: చేపను వాసన చూడాల్సింది కడగకముందు, పులుపు తగలకముందు.

ఈ వ్యాసంలో రసాయనాలను వాటి పేర్ల వరసలో కాకుండా మనం వాటిని అడ్డుకోగలిగే చోట్ల వరసలో చెబుతాను. వంటగదిలో అడ్డుకోగలిగేవి చాలా తక్కువ. ఎక్కువ భాగం ఏ చేప కొంటున్నాం, ఎవరికోసం కొంటున్నాం అన్న దగ్గరే తేలిపోతుంది.

మొదటి మెట్టు: తినేది ఎవరు?

బజారుకు వెళ్లేముందే ఆలోచించాల్సింది పాదరసం గురించి. ఫ్యాక్టరీల నుంచి, బొగ్గు మండించడం వల్ల, కొంత ప్రకృతిసిద్ధంగా నీటిలోకి చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. దాన్ని నాచు, నాచును చిన్న చేప, చిన్న చేపను పెద్ద చేప తింటూ పోయేకొద్దీ పేరుకుంటుంది. జపాన్‌లోని మినమాటాలో చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ వదిలిన వ్యర్థాల వల్ల వచ్చిన జబ్బును 1956లో అధికారికంగా గుర్తించారు. అక్కడ బయటపడ్డ భయంకరమైన సంగతి ఏమిటంటే, పెద్దగా లక్షణాలు లేని తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. మిథైల్ మెర్క్యురీ మాయను దాటి బిడ్డ మెదడులోకి చేరుతుంది.

ఇది కండలోని ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది. కాబట్టి తోలు తీసినా, కొవ్వు తీసినా, వేయించినా, పులుసు పెట్టినా తగ్గదు. ఒంట్లో చేరినది సగానికి తగ్గడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అందుకే వచ్చే నెల బిడ్డ కోసం ప్రయత్నిద్దామనుకునేవాళ్లు కూడా ఇప్పటి నుంచే జాగ్రత్తపడాలి.

అంకెల్లో చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కొలతల్లో సగటున కిలో సొర మాంసంలో 0.979 మిల్లీగ్రాముల పాదరసం ఉంది. కిలో కవళ్లలో, అంటే సార్డైన్లలో, 0.013. రొయ్యల్లో 0.009. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో ఉమ్మడి నిపుణుల సంఘం చెప్పిన వారం పరిమితి శరీర బరువు కిలోకు 1.6 మైక్రోగ్రాములు. అరవై కిలోల మహిళకు వారానికి 96 మైక్రోగ్రాములు. అంటే పైన చెప్పిన సగటుతో ఉన్న సొర ముక్కలు వంద గ్రాములు తింటే ఆ వారం కోటా మొత్తం ఒక్క పూటలో అయిపోయినట్టే. అదే కవళ్లు వంద గ్రాములు తింటే ఒంట్లోకి చేరేది సుమారు 1.3 మైక్రోగ్రాములు. ఇవి అమెరికా కొలతలు, మన సముద్రంలో అచ్చంగా ఇవే ఉంటాయని కాదు. అయినా ‘పెద్ద వేట చేపలో ఎక్కువ, చిన్న చేపలో తక్కువ’ అన్న సూత్రం ఎక్కడైనా ఒకటే.

ఇక్కడే మన కోస్తా ఇళ్లతో ఒక పేచీ ఉంది. పాలు పడతాయని బాలింతకు పాలసొర వండిపెట్టడం, సొరపుట్టు చేసిపెట్టడం మన ఆనవాయితీ. ఎఫ్‌డీఏ మాత్రం గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు సొరను మానుకోవాల్సిన జాబితాలో పెట్టింది. పాలసొర చిన్న జాతి, మీటరుకు మించి పెరగడం అరుదు. పెద్ద సొరల కన్నా దానిలో పాదరసం తక్కువే ఉంటుంది. కానీ అది కూడా వేటాడి బతికే చేపే, కవళ్లతో సమానం కాదు. అత్తగారు, అమ్మమ్మ ప్రేమగా పెట్టింది కాదనడం కష్టమే. పోట్లాడకుండా ఒక దారి ఉంది: అదే మసాలాతో, అదే పొడుం కూర పద్ధతిలో నెత్తళ్లో, కవళ్లో వండమనండి. బాలింతకు కావాల్సిన ప్రొటీన్, మంచి కొవ్వు వాటిలో పుష్కలంగా ఉంటాయి.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు ఉన్న ఇంట్లో పాటించదగ్గ లెక్క ఇది:

- ధైర్యంగా, వారానికి రెండు మూడుసార్లు: నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, తిలాపియా, చెరువులో పెరిగిన శీలావతి, బొచ్చె.
- వారానికి ఒకసారికి మించకుండా: వంజరం, పెద్ద సూర చేప, అంటే ట్యూనా. వంజరం మన ప్రాణమే, కాదనను. కానీ అది వేట చేప, మోజు ఉంటే చిన్న సైజుది కొనండి.
- మానేయాల్సినవి: పెద్ద సొరలు, కొమ్ముకోనెం, కత్తిచేప.

గర్భిణికి వారం మొత్తం మీద 225 నుంచి 340 గ్రాముల దాకా చేప మంచిదని ఎఫ్‌డీఏనే చెబుతోంది. భయపడి చేపలే మానేస్తే బిడ్డ మెదడుకు కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు పోతాయి, అది ఇంకో నష్టం. ఏడాది నుంచి మూడేళ్లలోపు పిల్లలకు ఒక పూటకు 28 గ్రాములు, నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లకు దానికి రెట్టింపు, వారానికి రెండుసార్లు చాలు.

మిగతా పెద్దవాళ్లు, నెలకోసారి సొరపుట్టు తినే తాతగారు, ఇంత లెక్క వేసుకోనక్కర్లేదు.

రెండో మెట్టు: బజారులో, ఫార్మాలిన్ దగ్గర

2018 జూన్‌లో కేరళ ఆహార భద్రత విభాగం ‘ఆపరేషన్ సాగర్ రాణి’ పేరుతో చెక్‌పోస్టుల దగ్గర చేపల లారీలను తనిఖీ చేసి ఫార్మాలిన్ కలిసిన సరుకును పట్టుకుంది. జులైలో అస్సాం బయటి రాష్ట్రాల చేపలను కొన్నాళ్లు ఆపేసింది. ఆకివీడు, కైకలూరు నుంచి రోజూ లారీలు వెళ్లే దారి అది, ఆ దెబ్బ మన రైతుకు నేరుగా తగిలింది. నేరం రవాణాలో ఎక్కడ జరిగినా, పేరు మాత్రం ‘ఆంధ్రా చేప’కే పడింది.

ఫార్మాలిన్ అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడ్, మార్చురీలో శవాలు కుళ్లకుండా వాడేది. ఫార్మాల్డిహైడ్‌ను క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. మన దేశంలో దాన్ని ఆహారంలో నిల్వ పదార్థంగా వాడటం నిషిద్ధం.

దీన్ని కంటితో పట్టేయొచ్చని వాట్సాప్‌లో తిరిగే చిట్కాలను నమ్మొద్దు. ‘ఈగలు వాలకపోతే ఫార్మాలిన్’ అంటారు. ఐసు బాగా ఉన్నా, ఫ్యాను గాలి ఉన్నా ఈగలు వాలవు. నేను చూసేది పొంతన కుదరకపోవడం. చేప పాడయ్యేటప్పుడు అన్ని భాగాలూ కలిసే పాడవుతాయి. కాబట్టి ఇలా చూడండి:

1. ముందు మొప్ప మూత ఎత్తండి. తాజా చేపకు మొప్పలు ఎర్రగా, తడిగా ఉంటాయి. తెల్ల కాగితంతో అద్ది చూడండి. రక్తం కొద్దిగా అంటుతుంది, రంగు మాత్రం గాఢంగా దిగకూడదు.
2. కళ్లు చూడండి. ఉబ్బి, మెరుస్తూ ఉండాలి. లోపలికి పోయి తెల్లబడ్డాయంటే చేప పాతది.
3. వీపు మీద బొటనవేలితో నొక్కండి. పాత చేపలో గుంట పడి అలాగే ఉండిపోవాలి. కళ్లు పీక్కుపోయి, మొప్పలు పాలిపోయినా ఒళ్లు మాత్రం రబ్బరులా బిర్రుగా ఉంటే అనుమానించండి. ఫార్మాల్డిహైడ్ ప్రొటీన్లను బిగించేస్తుంది, ఆ బిగువు అదే.
4. వాసన. పాత చేపకు కంపు ఉండాలి. చూడ్డానికి వారం నాటిదిలా ఉండి వాసనే లేకపోతే తీసుకోవద్దు.

‘పొద్దున్నే దిగిందమ్మా, ఇంకా కదుల్తుంటే తెచ్చాను’ అనే మాట ప్రతి బుట్ట దగ్గరా వినిపిస్తుంది. ఆ మాటకు బదులుగా మొప్ప ఎత్తి చూపించమని అడగండి. మంచి సరుకు ఉన్నావిడ నవ్వుతూ ఎత్తి చూపిస్తుంది.

అనుమానం తీరాలంటే పరీక్ష పట్టీలే మార్గం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్, ఫార్మాల్డిహైడ్‌కీ అమ్మోనియాకీ కాగితపు పట్టీలను తయారుచేసి 2018లో విడుదల చేసింది. పట్టీని చేప ఒంటి మీద రెండు మూడు చోట్ల రుద్ది, ఇచ్చిన ద్రావణం చుక్క వేసి, రంగును డబ్బాలోని చార్టుతో పోల్చాలి. రెండు నిమిషాల పని. కడిగిన చేప మీద, నిమ్మకాయ పిండిన చేప మీద చెయ్యొద్దు. తెచ్చింది తెచ్చినట్టే పరీక్షించాలి.

రెండు మినహాయింపులు గుర్తుంచుకోండి, లేకపోతే నిరపరాధిని దొంగను చేస్తారు. బొంబాయి డక్ అనే వానమట్టల్లో, ఇంకా కొన్ని సముద్రపు చేపల్లో చనిపోయాక వాటంతట అవే కొంత ఫార్మాల్డిహైడ్ తయారవుతుంది. చాలాకాలం గడ్డకట్టించి ఉంచితే మరీ ఎక్కువ. అలాగే సొర, టేకు చేపల ఒంట్లో యూరియా ఉంటుంది. అది విడిపోయి అమ్మోనియా అవుతుంది. కాబట్టి సొర ఘాటుగా వాసన వస్తే ఎవరో ఏదో కలిపారని కాదు, పాతబడిందని.

పట్టీ రంగు మారితే ‘బాగా కడిగి వండేద్దాం’ అనుకోవద్దు. కడిగితే పైపైది కొంత పోతుంది, వేడికి కొంత ఎగిరిపోతుంది, ప్రొటీన్‌లో బిగుసుకున్నది ఉండిపోతుంది.

మూడో మెట్టు: ఇంటికి తెచ్చే ఆ గంట

అందరూ ఫార్మాలిన్ గురించి మాట్లాడతారు, హిస్టమిన్ గురించి ఎవరూ మాట్లాడరు. నన్నడిగితే మన ఎండల్లో మామూలు కుటుంబానికి ఎక్కువ ఎదురయ్యే రసాయనం ఇదే. దీన్ని ఎవరూ కలపరు. సూర, కానాగంతలు, కవళ్లు లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప వెచ్చబడితే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తాయి. తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట రెండు గంటల్లో మొహం ఎర్రబడుతుంది, ఒళ్లు దురద, తలనొప్పి, గుండె దడ. ‘నాకు చేప పడదు, అలర్జీ’ అని జీవితమంతా చేపలకు దూరమైనవాళ్లలో కొందరికి వచ్చింది అలర్జీ కాకపోవచ్చు, ఒక పూట పాడైన చేప కావచ్చు. ఒకే కూర తిన్న నలుగురికీ ఒకేసారి వస్తే హిస్టమిన్‌నే అనుమానించాలి. ఊపిరి ఆడకపోయినా, పెదాలు వాచినా ఈ విచారణలు పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

హిస్టమిన్‌ను వేడి చంపదు, ఫ్రీజర్ చంపదు, మిరపకాయ బజ్జీలా కరకరలాడేదాకా వేయించినా చావదు. నోట్లో పెట్టగానే మిరియంలా చురుక్కుమంటే అక్కడితో ఆపి ఉమ్మేయడమే.

కాబట్టి పని అంతా ముందే. చేపల బజారుకు చివరగా వెళ్లండి, కూరగాయలు, కిరాణా అయ్యాక. సంచిలో ఐసు డబ్బా పెట్టుకెళ్లండి. మన ఎండకు చేప ఎంత బరువో ఐసు కూడా దాదాపు అంత బరువు ఉంటేనే చల్లదనం నిలుస్తుంది. దుకాణంలో కట్ చేయించుకునేటప్పుడు పేగులు, మొప్పలు తీయించేయండి. ఈ బ్యాక్టీరియా మొదట ఉండేది అక్కడే. ఇంటికి రాగానే 4 డిగ్రీల లోపు ఉండే చోట పెట్టండి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, వెనక గోడ వైపు. గడ్డకట్టిన చేపను రాత్రే కింది అరలో పెట్టి కరగనివ్వండి. పొద్దున్నే సింకులో పడేసి ఆఫీసుకు వెళ్లి సాయంత్రం వండటం, మన ఊళ్లలో జరిగే పనే, దీనికి రాచబాట.

నాలుగో మెట్టు: రొయ్యలు

రొయ్యకు పాదరసం బెడద లేదు. దానికి రెండు వేరే గొడవలు ఉన్నాయి.

ఒకటి చెరువులో వాడే యాంటీబయాటిక్‌లు. 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా గట్టు వెంబడి బతుకులు మారిపోయాయి. దానితో పాటు వైట్ గట్, విబ్రియో లాంటి జబ్బులూ వచ్చాయి. లక్షలు పెట్టిన రైతు చెరువులో రొయ్య చచ్చి తేలుతుంటే, మందుల షాపువాడు ఇచ్చిన ప్యాకెట్‌లో ఏముందో చూసే స్థితిలో ఉండడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు ఆక్వాలో పూర్తిగా నిషిద్ధం. క్లోరాంఫెనికాల్ అరుదుగా ఎముక మజ్జను దెబ్బతీస్తుంది, అది ఇంత మోతాదు వరకు భద్రం అని గీత గీయలేని ప్రమాదం. నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు కండకు అంటుకుపోతాయి, వండినా పోవు.

ఐరోపా యూనియన్ 2016లో మన చెరువు రొయ్యల తనిఖీని పది శాతం సరుకు నుంచి సగం సరుకుకు పెంచింది. అక్కడికి వెళ్లే రొయ్యకు పట్టుబడికి ముందే ల్యాబ్ పరీక్ష జరగాలి. మన బజారులో బుట్టలోకి వచ్చే రొయ్యకు అలాంటి పరీక్ష లేదు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి.

కొనేవాళ్లు ఏం చెయ్యగలరు? మామూలు కంటికి ఇది కనబడదు. ఎగుమతి ప్లాంటులో ప్యాక్ అయి, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉన్న ప్యాకెట్ దొరికితే అది మెరుగు. తెలిసిన రైతు ఉంటే జబ్బు వచ్చి హడావుడిగా పట్టేసిన చెరువు సరుకు మాత్రం తీసుకోవద్దు, మందు ఆపాక గడవాల్సిన రోజులు గడవకుండా వచ్చే సరుకు అదే. మార్కెట్లో ఒక్కసారిగా చిన్న సైజు రొయ్య చవగ్గా కుప్పలు పోసి అమ్ముతున్నారంటే ఎందుకు అని అడగండి. రైతులకు ఒక మాట: నీలకంఠ రొయ్య డొల్లలో సెమికార్బజైడ్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది, నైట్రోఫ్యూరాన్ పరీక్షలో అదే తగులుతుంది. నమూనా ఇచ్చేటప్పుడు డొల్ల ఒలిచిన కండే ఇవ్వండి.

రెండోది సోడియం మెటాబైసల్ఫైట్. రొయ్య తల మీద, కాళ్ల దగ్గర నల్ల మచ్చలు రాకుండా దీన్ని కలిపిన నీటిలో ముంచుతారు. ఇది చట్టబద్ధమే, పరిమితి దాటనంత వరకు. పచ్చి రొయ్య కండలో కిలోకు 100 మిల్లీగ్రాములు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం తక్కువ మోతాదైనా ఆయాసం తెప్పించవచ్చు. తమాషా ఏమిటంటే నల్ల మచ్చ హానికరం కాదు, రొయ్యలోని ఎంజైమ్ చేసే పని. మచ్చ చూసి మనం పక్కన పెట్టేస్తాం కాబట్టే వాళ్లు రసాయనం వాడుతున్నారు. వాసన బాగుంటే కాస్త మచ్చలున్న రొయ్య తీసుకోవచ్చు. ప్యాకెట్ మీద 223 అన్న సంఖ్య ఉంటే మెటాబైసల్ఫైట్, 451 ఉంటే నీళ్లు పట్టించే ఫాస్ఫేట్. ఫాస్ఫేట్ ఆరోగ్యం కన్నా జేబుకు చిల్లు: బాణలిలో వెయ్యగానే బోలెడు నీరు వదిలి సగానికి కుంచించుకుపోయే రొయ్యలు అవే.

ఐదో మెట్టు: వంటగదిలో నిజంగా ఉపయోగపడేవి

ఇక్కడ చేయగలిగింది కొంచెమే, అదైనా చేద్దాం.

రొయ్య తల తీసేయండి, వీపు మీది నల్ల నరం లాగేయండి. డొల్ల ఒలిచి ధారగా పారే నీటిలో కడిగితే సల్ఫైట్ కొంత పోతుంది. పీత పైచిప్ప తీశాక కనిపించే పసుపు, గోధుమ రంగు మెత్తని ముద్దలోనూ, కటిల్ ఫిష్, స్క్విడ్ పేగుల్లోనూ కాడ్మియం అనే విష లోహం పేరుకుంటుంది. ఆ ముద్దే పీత రుచి అంతా అనేవాళ్లున్నారు. ఏడాదికి రెండుసార్లయితే పర్వాలేదు, వారం వారం పిల్లలకు పెట్టొద్దు.

పీసీబీలు, డయాక్సిన్లు అనే పారిశ్రామిక విషాలు, పాత పురుగుమందులు కొవ్వులో దాక్కుంటాయి. ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కాలువ దగ్గరి చేప అయితే తోలు, పొట్ట దగ్గరి కొవ్వు, తల తీసేసి, కొవ్వు కారిపోయేలా పెనం మీదో, గ్రిల్ మీదో కాల్చుకోవడం మేలు. పులుసులో కారిన కొవ్వు పులుసులోనే ఉండి అన్నంలోకి వస్తుంది. పులస కొవ్వు చేపే గానీ, గోదావరికి వరద నీరు వచ్చే ఆ కొద్ది వారాల్లో, ఆ ధరకు, ఎవరికైనా మోతాదు మించే ప్రమాదం లేదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో ‘కింగ్ ఫిష్’ అని రాసిన వంజరం ముక్కలు దొరుకుతాయి. ఎఫ్‌డీఏ మానుకోమన్న ‘కింగ్ మాకెరెల్’ అట్లాంటిక్ చేప, మన వంజరానికి దాయాది. ప్యాకెట్ వెనక ఏ దేశం నుంచి వచ్చిందో, శాస్త్రీయ నామం ఏమిటో చూడండి. శాస్త్రీయ నామంలో రెండో పదం ‘కవల్లా’ అయితే అది మానుకోమన్న చేప. ‘కమ్మర్సన్’ అయితే మన వంజరం, దానికి పైన చెప్పిన వారానికొకసారి లెక్కే. డబ్బా సూర కొంటే ‘లైట్’ అని ఉన్నది తీసుకోండి. ఎఫ్‌డీఏ సగటుల్లో దానిలో కిలోకు 0.126 మిల్లీగ్రాముల పాదరసం, తెల్లటి ఆల్బకోర్‌కు 0.35.

అనుమానం బలపడితే

చేపను కడక్కుండా, కోయకుండా శుభ్రమైన కవరులో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బిల్లు, ఫొటో, కొన్న సమయం రాసి ఉంచండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కి గానీ, మీ జిల్లా ఆహార భద్రత అధికారికి గానీ ఫిర్యాదు చేయవచ్చు. చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారే రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్షకు ఇస్తున్నానని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలి. కల్తీ అని తేలితే కట్టిన రుసుము తిరిగి వస్తుంది. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. అక్కడికి నమూనా పట్టుకెళ్లేటప్పుడు కూడా ఐసు డబ్బాలోనే పట్టుకెళ్లండి, దారిలో పాడైన చేప మీద వచ్చిన ఫలితాన్ని అమ్మినవాడి వకీలు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు.